ఉరుకుందప్ప అడగని ఒక్క ప్రశ్న

మా ఉరుకుందప్ప తనకు సంబంధించిన ప్రశ్న ఒక్కటైనా ఎవరినీ అడిగి ఎరుగడు. తనకు సంబంధించని ప్రశ్నను మాత్రం ఒక్కదానినైనా అడగకుండా విడిచిపెట్టి ఎరుగడు. ఈ రెండు వాక్యాలలో అతిశయోక్తి ఏమీ లేదని ముందుగా మనవి చేసుకొని, ఆయనను గురించి నాకు తెలిసినంత మేరకు వివరిస్తాను.

ఆయనది కోడుమూరు పక్క పల్లె. కర్నూలులో బోరు మోటార్లు, డ్రిప్పు పైపులు అమ్మే అంగడి పెట్టి స్థిరపడినాడు. నేను ప్రభుత్వ కార్యాలయంలో ఉత్తరాలకు శుద్ధప్రతులు రాసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా ఇండ్లు ఒకే వీధిలో ఎదురెదురుగా ఉన్నాయి. కార్యాలయంలో నన్ను 'శ్రీనివాసులు గారూ' అని తప్ప మరొక విధంగా పిలిచినవారు లేరు. ఉరుకుందప్ప పరిచయమైన పూటనే 'శీనప్పా' అన్నాడు. అభ్యంతరం తెలిపే అవకాశం నాకు చిక్కలేదు. అంతలోనే ఆయన, మా పక్కింటివారి కుక్క ఉప్పు లేని అన్నం తింటుందా అని నన్ను విచారిస్తున్నాడు.

ఒకసారి ఇద్దరమూ డోన్‌లో ఒక పెండ్లికి బయలుదేరాము. బస్టాండులో విచారణ కిటికీ కనబడగానే ఆయన తల దానిలోకి దూరింది.

"సారూ, శ్రీశైలానికి ఆకరి బస్సు ఎప్పుడుండాది?"

"బోర్డు మీద ఉంది, చూడండి."

"బోర్డు నాకు కనపడతాది సామీ. కండ్లు ఆననోళ్ల సంగతేంది? సంకలో మేకపిల్ల ఉంటే ఎక్కనిస్తారా?"

ఉద్యోగి లేచి నిలబడి ఆయన చంకవైపు చూశాడు. అక్కడ గొడుగు తప్ప ఏమీ లేదు.

"మేకపిల్ల ఏదీ?"

"ల్యా. ఉంటే అని అడుగుతాండా."

వరుసలో చివర గంప పట్టుకొని నిలబడిన ఒక ముసలామె తప్ప తక్కిన వారందరూ విసుక్కున్నారు. వారి వ్యాఖ్యలను ఇక్కడ యథాతథంగా నకలు చేయడం భావ్యం కాదు. డోన్ బస్సు మా కండ్ల ముందే కదిలిపోయింది. పెండ్లి పంక్తిలో మాకు పెరుగన్నం, ఆకు చివర మిగిలిన ఊరగాయ మాత్రమే దక్కాయి.

మరొకసారి రేషను కార్డులో పేరు సరిచేయించుకోవడానికి ఆయనా, భార్య భీమమ్మా వార్డు సచివాలయానికి పోయారు. నా పనిమీద నేనూ అక్కడే ఉన్నాను. ఉరుకుందప్ప కార్డు సంగతి ఎత్తనేలేదు.

"అమ్మా, మొగుడు సచ్చిపోయినోళ్లకు పింఛను ఎన్నాళ్లకొస్తాది? ఏమేం కాయితాలు తేవల్ల?"

భీమమ్మ ఉలిక్కిపడింది. "ఎవురి మొగుడు?"

"ఎవురి మొగుడో ఒగడు."

"నాకుండేది నువ్వొక్కనివే గదయ్యా! నువ్వు బతికుండంగానే నాకు పింఛను రాపిస్తాండావా?"

"గమ్మునుండే. ఆయమ్మ చెప్పేది ఇనపడల్యా."

మరణ ధ్రువపత్రం కావాలని ఆ ఉద్యోగిని చెప్పింది. అది ఎక్కడ ఇస్తారని ఆయన బిగ్గరగా అడిగి, వచ్చిన జవాబును మరింత బిగ్గరగా తిరిగి చదివాడు. మా వెనుక బెంచీమీద చంటిబిడ్డతో కూర్చున్న ఒక అమ్మాయి తప్ప అందరూ నవ్వారు. రేషను కార్డులో ఆయన పేరు నేటికీ 'కురుకుందప్ప' గానే ఉంది.

ఇటువంటి మనిషికి మొన్నటి చలికాలంలో ఒక చిక్కు వచ్చిపడింది. ఏటా చేయించుకునే రక్తపరీక్షలో ఒక అంకె హెచ్చుగా వచ్చింది. చిన్న ముక్క తీసి పరీక్షించగా, ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సరు ఉన్నదనీ, తొలిదశలోనే ఉన్నదనీ, గ్రంథి దాటి బయటకు రాలేదనీ తేలింది. ప్రోస్టేట్ అనునది పురుషులకు మాత్రమే, మూత్రాశయానికి దిగువన, నలుగురిలో ప్రస్తావించడానికి అనువుకాని చోట ఉండే చిన్న గ్రంథి. ఇంతకు మించి వివరించడానికి నా కలం అంగీకరించదు. ఉరుకుందప్పకు అటువంటి సంకోచం లేదు. అంగడి మెట్లమీద నిలబడి వీధి వీధంతటికీ ప్రకటించాడు.

"మగోళ్లకే వస్తాదంట శీనప్పా! ఒంటేలు పొయ్యే దావలో అడ్డం కూకునే గడ్డ. మన వయసోళ్లకు ఎవురికైనా రావొచ్చునంట. నువ్వు చూపించుకున్నావా?"

నేను అటూ ఇటూ చూసి, ఈసారి ఎండలు ముందుగానే వచ్చేలా ఉన్నాయని అన్నాను. అప్పటికే నేను, కారణాంతరాల వలన, సాయంకాలపు టీ మానుకొని ఉన్నాను.

డాక్టరు చెప్పేది గుండ్రని అక్షరాలతో రాసుకొని రావడానికి భీమమ్మ నన్నూ వెంట తీసుకొని పోయింది. రేడియేషన్ డాక్టరు పేరు తనూజ. నిదానస్తురాలు.

"ఉరుకుందప్ప గారూ, భయపడే పని లేదు, పరుగెత్తే పనీ లేదు" అని ఆమె మొదలుపెట్టింది. "కాకపోతే దారులు చాలా ఉన్నాయి. ఏదీ తప్పు దారి కాదు. అందుకే ఎంచుకోవడం కష్టం. మొదటిది, ఇప్పుడే ఏమీ చేయకుండా, పరీక్షలు చేయించుకుంటూ కనిపెట్టుకొని ఉండటం."

"వాన కోసరం మొగులు పక్క చూస్తా కూకునేదా? అది మా సీమోళ్లకు నేర్పీల్సిన పనిల్యా తల్లీ."

"రెండోది ఆపరేషన్. మూడోది రేడియేషన్. అందులో మళ్లీ రకాలున్నాయి. బయటినుంచి మిషన్‌తో కిరణాలు పెట్టడం ఒకటి. రోజూ కొంచెం కొంచెంగా కొన్ని వారాల పాటు పెట్టవచ్చు, లేదా మోతాదు పెంచి ఐదు విడతల్లో ముగించవచ్చు. ఇంకొకటి, గింజల్లాంటివి గ్రంథిలోపలే నాటడం. దానికి హైదరాబాదుకో బెంగుళూరుకో పోవాలి."

"తెలిసిపాయ. పైనుంచి తడిపేదొకటి, లోపల ఇత్తనం నాటేదొకటి."

డాక్టరు కొంచెం ఆలోచించింది. "దాదాపు అంతే. కానీ గ్రంథికి ముందు మూత్రాశయం ఉంది, వెనుక పేగు ఉంది. ఎంత గురి చూసి పెట్టినా వాటికి కొద్దిగా తగులుతుంది. మంట, మాటిమాటికీ పోవలసి రావడం, అలసట ఉండొచ్చు. చాలామందికి కొన్నాళ్లకు సర్దుకుంటాయి."

"పక్కోని మడి రవ్వంత తడుస్తాది. సరే."

"ఇక మీ సందేహాలు అడగండి."

భీమమ్మ కుర్చీ ముందుకు జరుపుకొన్నది. నేను కలం మూత తీశాను. ఉరుకుందప్ప గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ట్రాక్టరు తోలేటోడు మల్ల ఎప్పుడు ఎక్కొచ్చు?"

"మీకు ట్రాక్టరు ఉందా?"

"ల్యా. సుగర్ ఉండేటోడు మాత్రలు మార్చల్లనా?"

"మీ రిపోర్టులో సుగర్ లేదే!"

"నాకు ల్యా. ఒంటిగా ఉండేటోడు, వండిపెట్టే దిక్కు ల్యానోడు ఏం తినల్ల?"

"రేపట్నుంచి నువ్వే వండుకుందువులే, తెలుస్తాది" అన్నది భీమమ్మ.

"చర్చిలో గంట కొట్టేటోడు ఆదోరం గూడా ఈడికి రావల్లనా?"

డాక్టరు నావైపు చూసింది. నేను కాగితంవైపు చూశాను. "ఆదివారం మిషన్‌కే సెలవు" అన్నది ఆమె.

"అదీ! ఆ మాట రాసుకో శీనప్పా."

రాసుకున్నాను. ఉరుకుందప్ప సోమవారం ఈరన్న స్వామికి ఒక్కపొద్దు ఉండేవాడే గాని, చర్చి గడప తొక్కినవాడు కాదు.

"గురువారం దాకా ఆలోచించుకోండి" అని డాక్టరు లేచింది. "ఏదో ఒకటి ఖాయం చేసుకొని వస్తే ఆ రోజే కొలతల స్కాను తీస్తాం. అప్పుడైనా మీ సందేహాలు అడగండి. మీవి."

వరండాలోకి రాగానే భీమమ్మ ఆగింది. "ఊర్లో వాళ్ల రోగాలన్నీ అడిగినావు. నీ రోగం సంగతి ఎవురు అడగల్ల? నేను కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లాయనో ఎరుకనా నీకు?"

"అడుగుతాలేవే."

"ఎప్పుడు? పాడె ఎక్కినాకనా?"

గురువారం వరకు ప్రతిదినమూ ఆమె ఏ దారి అని అడగడం, ఆయన "ఒకటి తేలల్ల" అనడం జరుగుతూ వచ్చింది. ఆ ఒకటి ఏదని అడిగితే, అంగడిలో మోటారు కొనడానికి ఎవరో వచ్చారని లేచిపోయేవాడు. ఎవరూ వచ్చేవారు కారు. ఎదురింట్లో నుంచి నాకు అంతా కనబడేది. ఆమె బొరుగులతో చేసిన ఉగ్గాని ఆయన ముందు చల్లారిపోతూ ఉండేది. ఉగ్గాని చల్లారనిచ్చిన ఉరుకుందప్పను నేను అంతకు ముందు చూడలేదు.

గురువారం వచ్చింది. ఆ ఆసుపత్రి హాలులో మగవారు కూర్చునే తీరు ఒక ప్రత్యేకమైనది. ఒకరివైపు ఒకరు చూడరు. అందరి చేతుల్లోనూ నీళ్ల సీసాలుంటాయి. కిరణాలు పెట్టే సమయానికి మూత్రాశయం నిండి ఉంటే పేగులు పక్కకు తొలగుతాయట. అందువలన నీళ్లు తాగి, బిగబట్టి, గోడమీది క్యాలెండరును చదువుతూ ఉంటారు. నేను కార్యార్థమై వరండా చివరకు పోయి వచ్చేసరికి హాలు హాలంతా మారిపోయి ఉంది. ఉరుకుందప్ప నడుమ నిలబడి ఉన్నాడు. చుట్టూ మగవారు మూగి ఉన్నారు.

"ఏమప్పా ట్రాక్టరూ, నీదానికి జవాబు రాల్యా, ఈపొద్దు మల్ల అడుగుతా. లాజరూ, నీకు ఆదోరం సెలవే. మిషనుకే సెలవంట! మీ పాస్టరయ్యకు చెప్పు, గంట నిలబడదని."

లాజరు అనే ఆ సన్నని మనిషి డోన్ నుంచి రైలులో వస్తాడు; మొన్న మేము వచ్చినప్పుడూ ఈ హాలులోనే ఉన్నాడట. చేతులు జోడించాడు. "శానా మేలన్నా. లోపల ఆడ డాక్టరాయె. నాకు నోరు పెగలదు. సుగర్ సంగతి గూడా అడిగినావా?"

"అడక్కుండా ఇడుస్తానా?"

నేను సంచీ పట్టుకొని నిలబడిపోయాను. బస్టాండులో గంప పట్టుకున్న ముసలామె, సచివాలయంలో చంటిబిడ్డను ఎత్తుకున్న అమ్మాయి నా జ్ఞప్తికి వచ్చారు. ఇన్నేండ్లూ ఆయన వెంట తిరిగి, బస్సులు తప్పిపోయినందుకు విసుక్కున్నాను గాని, వెనుకకు తిరిగి ఎవరున్నారో ఒక్కసారి చూడలేదు. గంపలో మేకపిల్ల ఉండినదా లేదా అన్న సందేహం నాకు ఇక ఎన్నటికీ నివృత్తి కాదు.

ఆయన నన్ను చూసి, చేయి పట్టుకొని కిటికీ పక్కకు లాక్కొని పోయాడు.

"శీనప్పా, లాజరు ఇంకొకటి అడగమన్నాడు. అది నాతో కాదు. నీది మర్యాదైన భాష. నువ్వడుగు."

"ఏమిటది?"

ఉరుకుందప్ప స్వరం తగ్గించడం నేను మొదటిసారి విన్నాను. "ఈ కరెంటు పెట్టించుకున్నాక... మొగుడూ పెండ్లాల సంగతి ఉండాదే... అది ఉంటాదా, పోతాదా అని." ఆయన చెవులు మిరపపండ్ల వలె ఎర్రబడ్డాయి. "వాడు శానా దిగులు పడతాండాడప్పా. ఏ దావన పోవల్లనో దాన్నిబట్టే తేల్చుకుంటాడంట."

ఆయన నీళ్లు తాగడానికి పోయాడు. నేను లాజరు పక్కన కూర్చొని, మర్యాదకొద్దీ ఇంటిలో అందరూ క్షేమమా అని అడిగాను.

"అందరెవురు సార్? మా కృపమణి దేవుని కాడికి పొయ్యి శానా యేండ్లాయ. చర్చి ఎనక గదిలో నేనూ, గంట తాడూ."

"ఉరుకుందప్పను ఇంకేమైనా అడగమని చెప్పారా?"

"ల్యా సార్. నాయి అన్నీ తీరిపాయ."

విషయం ఒకరిదై, కింద సంతకం మరొకరిదైన ఉత్తరాలు నా చేతిమీదుగా ఎన్నో పోయాయి. అటువంటి ఉత్తరాన్ని పోల్చుకోవడం నాకు కష్టం కాదు.

లోపలికి పోయాము. డాక్టరు తనూజ అడిగింది: "ఏం నిర్ణయించుకున్నారు?"

ఉరుకుందప్ప ఫ్యానువైపు చూశాడు.

"పోనీ, మీ సందేహం ఏదైనా ఉందా?"

"ఉండాదమ్మా. ఆ మిషను ఎన్ని హార్సుపవరు?"

భీమమ్మ నుదురు కొట్టుకున్నది. ఆ చప్పుడుకు నేను లేచి నిలబడ్డాను. చొక్కా పై గుండీ పెట్టుకున్నాను.

"డాక్టరు గారి సముఖమునకు మనవి. నాకు ఒక మిత్రుడు ఉన్నారు. వయసు మళ్లినవారు. వారి పేరు ఇక్కడ అప్రస్తుతం. సదరు చికిత్సల వలన గృహస్థుని దాంపత్య జీవనమునకు భంగము వాటిల్లునా? వాటిల్లినచో, ఏ చికిత్స వలన, ఎంత మేరకు, ఎప్పటినుండి? దయతో తెలుపగలరు."

డాక్టరు కలం కింద పెట్టింది.

"ఆ మిత్రులు వివాహితులేనా?" అన్నది డాక్టరు.

"వివాహితులే. వారి భార్య ఈ గదిలోనే..." అని, అంతటితో ఆపాను. ఆలస్యమైపోయింది.

భీమమ్మ మెల్లగా భర్తవైపు తిరిగింది. ఆయన ఫ్యాను రెక్కలను పరీక్షిస్తున్నాడు.

"ఓ నా సామీ! తేలల్ల తేలల్ల అని ఇన్నాళ్లూ తిప్పిండేది దీనికా?" కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. భుజాలు కదిలిపోయేలా నవ్వింది. "మనిషి ఎదురుగా ఉంటే సాలని నేను ఈరన్న సామికి మొక్కుకుంటాంటే, ఈయప్పకు ఈ దిగులు!" తరువాత కండ్లు తుడుచుకొని డాక్టరువైపు తిరిగింది. "చెప్పు తల్లీ. ఎట్లాగూ అడిగినారు. ఆ మిత్రుని పెండ్లాం గూడా ఇనల్ల గదా."

డాక్టరు నవ్వలేదు. "మంచి ప్రశ్న. ఇక్కడ కూర్చునే ప్రతి మగవాడి మనసులోనూ ఉంటుంది, అడిగేవాళ్లే తక్కువ. ఆపరేషన్ అయితే మార్పు వెంటనే కనిపించవచ్చు. రేడియేషన్ అయితే, వస్తే గిస్తే, మెల్లగా ఏండ్ల మీద వస్తుంది. అందరికీ రాదు. వస్తే మందులున్నాయి. కనిపెట్టుకొని ఉంటే చికిత్సవల్ల వచ్చే చిక్కే లేదు గానీ, ప్రతి పరీక్షకూ ఇంట్లో గుండెదడ ఉంటుంది."

"దడ నాకొద్దు" అన్నది భీమమ్మ.

"అయితే రేడియేషన్. ఉరుకుందప్ప గారి గ్రంథి పెద్దది కాదు, మూత్రధార బాగుంది. ఐదు విడతలది ఆయనకు సరిపోతుంది. వారాల తరబడి పెట్టేదైనా ఫలితం ఇంచుమించు అంతే."

ఉరుకుందప్ప ఫ్యానును విడిచిపెట్టాడు. "ఐదుదే పెట్టమ్మా. మొగులు చూసింది సాలు."

"శీనన్నా," అన్నది భీమమ్మ, "ఆ మిత్రునికి చెప్పు, ఆయప్ప పెండ్లాం ఒప్పుకున్నాదని."

చికిత్స సజావుగా జరిగింది. మొదటి రోజు మాత్రం, నీళ్లు తాగి సిద్ధమైన తరువాత లోపల కొంత జాగైంది. ఉరుకుందప్ప వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, "ట్యాంకు నిండి పొర్లుతాండాది, ఎవురన్నా వాల్వు చూడండప్పా!" అని కేక వేశాడు. క్యాలెండరు చదువుతున్న వారందరూ ఒక్కసారిగా నవ్వారు. ఆ స్థితిలో నవ్వడం ఎంత ప్రమాదకరమో వారికి వెంటనే తెలిసివచ్చింది. కొన్ని వారాలు మంట, నీరసం ఉండి, తగ్గాయి. రక్తంలోని అంకె దిగుతూ వచ్చింది. ఎదురింట్లో ఉగ్గాని వేడివేడిగా తినబడుతున్నది. తక్కిన విషయాలను నేను విచారించలేదు. అయితే ఒకనాటి ఉదయం ఆయన ఈలవేస్తూ అంగడి తలుపులు తీయడం గమనించాను.

ఆ తరువాతి పరీక్షకు మళ్లీ ముగ్గురమూ పోయాము. అంతా బాగుందని డాక్టరు చెప్పి, అలవాటు చొప్పున అడిగింది: "సందేహాలేమైనా?"

"ఒకటుండాదమ్మా" అన్నాడు ఉరుకుందప్ప. "ఒకాయన ఉండాడు. శానా మర్యాదస్తుడు. రేత్రిపూట లేసి లేసి బాత్రూము లైటేస్తాడు. ఎదురింటోళ్లకు కనపడతాది. సాయంత్రం టీ మానేసినాడు. యాడికి పోయినా ముందు ఆ దావ యాడుండాదో చూసుకుంటాడు. పానం పొయ్యినా ఎవురికీ చెప్పడు. అట్లాటోడు ఏం చేయల్ల?"

డాక్టరు, భీమమ్మ ఇద్దరూ నావైపు తిరిగారు. నేను ఫ్యానువైపు చూశాను. దాని రెక్కలు నిజంగానే పరిశీలించదగినవని అప్పుడు గ్రహించాను.

"భయపడేది కాకపోవచ్చు" అన్నది డాక్టరు. "వయసుతో గ్రంథి పెరిగినా అట్లాగే ఉంటుంది. కానీ చూపించుకోవాలి. ఆయన రేపు రక్తపరీక్షకు వస్తారా?"

"సదరు వ్యక్తి రేపు ఉదయం తప్పక హాజరు కాగలరు" అని మనవి చేశాను.

"రాసుకో శీనప్పా" అన్నాడు ఉరుకుందప్ప.

వయసుతో పెరిగినదేనని తేలింది. మాత్రలు రాసిచ్చారు. ప్రస్తుతం నేను సాయంకాలపు టీ తిరిగి ప్రారంభించి, ఉరుకుందప్ప అంగడి మెట్లమీదనే సేవిస్తున్నాను. నిన్న ఆయన టీ అంగడి మహానందిని పిలిచి అడిగాడు: "ఏమప్పా, పండ్లు ల్యానోళ్లు బిస్కెట్టు నానబెట్టుకునేదానికి పెద్ద గ్లాసు ఇస్తావా?"

ఉరుకుందప్ప పండ్లు ముప్పై రెండూ గట్టివే. ప్రశ్న ఎవరిదో నేను విచారించదలచుకోలేదు. పెద్ద గ్లాసు మాత్రం నా ముందుకు వచ్చింది.